అధిక పీడన గాలిలో మైకు: ఒక సమీక్ష

గాలి పీడనంలో క్షణక్షణానికి వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులను పట్టుకుని విద్యుత్ సంకేతంగా మార్చే సాధనం మైకు. చుట్టూ ఉన్న గాలి మొత్తం పీడనం ఎంతో దానికి అక్కర్లేదు. తన లోపలి పలుచని పొరకు ఇటూ అటూ ఉన్న పీడనాల తేడా ఒక్కటే దానికి కావాలి. గాలి పీడనం బాగా పెరిగినప్పుడు మైకు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు జవాబంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అందువల్ల హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లో వాతావరణ పీడనం సుమారు 95 కిలోపాస్కల్ ఉంటే, విశాఖ తీరంలో 101 దాకా ఉంటుంది. ఎదురుగా కూర్చున్న మనిషి మామూలు గొంతుతో మాట్లాడితే వినబడే ధ్వని 60 డెసిబెల్ అనుకుంటే, గాలిలో అది రేపే కదలిక 0.02 పాస్కల్ మాత్రమే. 95,000 పాస్కల్ మీద 0.02 పాస్కల్ అంటే సుమారు 47 లక్షల్లో ఒక వంతు. ఆ పెద్ద అంకెను వదిలేసి ఈ చిన్న అంకెను పట్టుకోవడమే మైకు నిర్మాణంలోని కిటుకు.

పొర, వెనుక గది, సన్నని రంధ్రం

కొలతల్లో వాడే కండెన్సర్ మైకు లోపలి అమరిక చూస్తే విషయం తేలిగ్గా బోధపడుతుంది. ముందువైపు బిగుతుగా లాగి కట్టిన పలుచని లోహపు పొర ఉంటుంది. వెంట్రుక మందం కూడా లేని ఎడంతో దాని వెనక చిల్లులున్న పలక ఉంటుంది. పలక వెనక చిన్న గాలి గది ఉంటుంది. పొర కదిలినప్పుడల్లా పొరకూ పలకకూ మధ్య కెపాసిటెన్స్ మారుతుంది, అదే సంకేతం. ఈ తరహా మైకును 1917లో ఇ.సి. వెంటె రూపొందించాడు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ ఎలక్ట్రెట్ మైకును తెచ్చారు. ఇవాళ ఫోన్లలో, ఇయర్‌బడ్స్‌లో ఉండేది సిలికాన్ ముక్క మీద చెక్కిన మెమ్స్ మైకు. పరిమాణం ఎంత తగ్గినా పొర, వెనుక గది అన్న అమరిక మారలేదు.

వెనుక గది పూర్తిగా మూసి ఉంటే ఏమవుతుంది? విశాఖలో కొన్న చిప్స్ ప్యాకెట్ అరకు ఘాట్ ఎక్కేసరికి ఉబ్బిపోతుంది. లోపల విశాఖ గాలి, బయట అరకు గాలి. మూసేసిన మైకు పొర కూడా పీడనం తగ్గితే బయటికి ఉబ్బుతుంది, పెరిగితే లోపలికి కుంగి పలకకు అతుక్కుంటుంది. దీన్ని తప్పించడానికే వెనుక గదికి వెంట్ రంధ్రం పెడతారు. పీడనం నెమ్మదిగా మారితే గాలి ఆ రంధ్రంలోంచి వెళ్లి రెండు వైపులనూ సమం చేస్తుంది. ధ్వని కంపనాలు చాలా వేగంగా వస్తాయి కనుక వాటికి ఆ దారిన పోయే వ్యవధి ఉండదు. అవి పొరనే కదిలిస్తాయి. కొలత మైకుల్లో ఈ సమం కావడానికి పట్టే కాలం సెకనులో పదో వంతు ప్రాంతంలో ఉంటుంది. మెమ్స్ మైకుల్లో సాధారణంగా పొరకే చిల్లి ఉంటుంది. అక్కడ ఆ కాలం కొన్ని మిల్లీసెకన్లే.

కలగలపకూడని మూడు సంగతులు

పెద్ద శబ్దం, వేగంగా వీచే గాలి, పెరిగిన స్థిర పీడనం: ఈ మూడింటినీ ‘ఒత్తిడి’ అన్న ఒకే మాటతో చెప్పడం వల్ల గందరగోళం వస్తుంది. పెద్ద శబ్దం పొరను అతిగా ఊపుతుంది. అది మైకు తట్టుకోగల గరిష్ఠ ధ్వని స్థాయికి సంబంధించిన విషయం. వీచే గాలి మైకు ముఖం దగ్గర సుడులు తిరిగి, ధ్వని కాని పీడన మార్పులను పుట్టిస్తుంది. స్పాంజి తొడుగు, ముక్కు ఆకారపు మూత దానికి మందు.

గాలి వేగం, పీడనం రెండూ శ్రుతి మించే చోట మామూలు మైకుకు స్థానం లేదు. హైదరాబాద్‌లోని డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం క్షిపణి కేంద్రంలో 2020 డిసెంబరు 19న ప్రారంభమైన హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్ ఒక వైపు అధిక పీడనం, మరో వైపు శూన్యం ఆధారంగా నడుస్తుంది. మీటరు వ్యాసమున్న నాజిల్‌తో మాక్ 5 నుంచి 12 దాకా వేగాలను సృష్టిస్తుంది. ఇలాంటి ప్రవాహాల్లో పీడన కంపనాలను కొలవడానికి మైకుల బదులు, నమూనా ఉపరితలంతో సమంగా బిగించే గట్టి పీడన సెన్సర్లు వాడడం రివాజు.

మూడోది స్థిర పీడనం. గాలి కదలకుండా, చుట్టూ సాంద్రంగా నిండి ఉండే స్థితి. ఈ సమీక్షకు అసలు విషయం అదే.

గాలి స్ప్రింగు లెక్క

పొర వెనక రెండు స్ప్రింగులు ఉన్నాయనుకోవచ్చు. ఒకటి పొర బిగింపు. అది గాలి పీడనంతో మారదు. రెండోది వెనుక గదిలోని గాలి. అది పీడనంతో పాటు గట్టిపడుతుంది. పీడనం రెట్టింపైతే ఈ స్ప్రింగు రెట్టింపు గట్టిగా నిలబడుతుంది. ఫలితంగా అదే ధ్వనికి పొర తక్కువ కదులుతుంది, మైకు సున్నితత్వం తగ్గుతుంది.

అరంగుళం కొలత మైకులకు ఈ తగ్గుదల సుమారుగా ఒక్కో కిలోపాస్కల్‌కు 0.01 డెసిబెల్. దీన్నిబట్టి లెక్కిస్తే సముద్రమట్టం దగ్గర మొత్తం గట్టితనంలో గాలి వాటా 12 శాతం, పొర వాటా 88 శాతం అని తేలుతుంది. ఆ మొత్తాన్ని 100 అనుకుంటే, ఆసుపత్రి చాంబర్లలో వాడే 2.4 అట్మాస్ఫియర్ల పీడనం దగ్గర గాలి వాటా 12 నుంచి 29కి పెరుగుతుంది. మొత్తం 117 అవుతుంది. అంటే సున్నితత్వం తగ్గేది సుమారు 1.3 డెసిబెల్, చెవికి పెద్దగా పట్టని తేడా. అదే 31 అట్మాస్ఫియర్ల దగ్గర, అంటే సముద్రంలో 300 మీటర్ల లోతుకు సమానమైన పీడనంలో, గాలి వాటా ఒక్కటే 370 దాటుతుంది. మైకు సున్నితత్వం నాలుగో వంతుకు కొంచెం అటూఇటూగా పడిపోతుంది, దాదాపు 13 డెసిబెల్. ఇది అందరికీ వినబడే తేడా.

మెమ్స్ మైకు పరిస్థితి వేరు. దాని వెనుక గది చాలా చిన్నది కాబట్టి గాలి స్ప్రింగు వాటా ఎక్కువ. ఆ వాటా సగం అనుకుంటే 2.4 అట్మాస్ఫియర్ల దగ్గరే సున్నితత్వం 4.6 డెసిబెల్ తగ్గుతుంది. పరికరం చిన్నదయ్యే కొద్దీ పీడనం ప్రభావం పెద్దదవుతుందన్నమాట.

పెరిగిన పీడనం రెండో పని కూడా చేస్తుంది. గాలి సాంద్రత పెరిగి, పొరతో పాటు ఊగే గాలి బరువు హెచ్చుతుంది. గాలి జిగట మాత్రం పీడనంతో పెద్దగా మారదు. కాబట్టి పొర ఊగిసలాటను అదుపులో పెట్టే నిరోధం అలాగే ఉండగా, ఊగే బరువు, స్ప్రింగు గట్టితనం రెండూ పెరుగుతాయి. కింది, మధ్య పౌనఃపున్యాల్లో తగ్గుదల దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పొర స్వభావ పౌనఃపున్యం దగ్గరికి వచ్చేసరికి ప్రతిస్పందన ఆకారమే మారిపోతుంది. అందుకే ఒకే సవరణ అంకెను అన్ని పౌనఃపున్యాలకూ వర్తింపజేయడం సరికాదు.

మారనిది ఒకటుంది: ధ్వని వేగం. గాలి అదే గాలి, ఉష్ణోగ్రత అదే ఉష్ణోగ్రత అయితే పీడనం ఎంత పెరిగినా ధ్వని వేగం దాదాపు అలాగే ఉంటుంది. పీడనం, సాంద్రత ఒకే నిష్పత్తిలో పెరగడం దీనికి కారణం. దీనివల్ల దిశను బట్టి వినే మైకుల స్వభావం అధిక పీడన గాలిలో పెద్దగా చెడిపోదు. వాయువు మారినప్పుడు మాత్రం కథ మారుతుంది.

కొలబద్దే మారిపోతే

మైకును సరిచూడడానికి వాడే పిస్టన్‌ఫోన్ ఒక చిన్న గదిలో పిస్టన్‌ను ఆడించి, తెలిసిన స్థాయిలో ధ్వని పుట్టిస్తుంది. 250 హెర్ట్జ్ దగ్గర 124 డెసిబెల్ ఇచ్చే రకం ప్రసిద్ధం. పిస్టన్ నెట్టే ఘనపరిమాణం ఎప్పుడూ ఒకటే అయినా, పుట్టే ధ్వని పీడనం చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని బట్టి మారుతుంది. ప్రామాణిక స్థితి 101.325 కిలోపాస్కల్. హైదరాబాద్‌లో 95 దగ్గర పిస్టన్‌ఫోన్ ఇచ్చేది దాదాపు 0.56 డెసిబెల్ తక్కువ. అందుకే ఆ పెట్టెలో ఒక చిన్న బారోమీటర్ కూడా ఉంటుంది. దాని ముల్లు ఎంత సవరించాలో నేరుగా డెసిబెల్‌లలో చూపిస్తుంది. హైటెక్ సిటీలోని ఆడియో ప్రయోగశాలకైనా, రోడ్డు మీద శబ్దకాలుష్యం కొలిచే బృందానికైనా ఈ సవరణ తప్పదు.

ఇదే పిస్టన్‌ఫోన్‌ను 2.4 అట్మాస్ఫియర్ల చాంబర్‌లోకి తీసుకెళ్తే అది 7.6 డెసిబెల్ ఎక్కువ ధ్వని పుట్టిస్తుంది. మైకు మాత్రం 1.3 డెసిబెల్ తక్కువ చూపిస్తుంది. రెండు తప్పులు ఎదురెదురుగా నడుస్తూ, మీటరు మీద 6.3 డెసిబెల్ పెరుగుదల కనిపిస్తుంది. ఏ తప్పు ఎంతో విడదీయకపోతే మైకు సున్నితత్వం పెరిగిందన్న తలకిందుల నిర్ధారణకు వచ్చే ప్రమాదం ఉంది.

వేగమే అసలు శత్రువు

మైకు దెబ్బతినడం పీడనం ఎంత పెరిగిందన్న దానికంటే ఎంత వేగంగా పెరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మూడు సందర్భాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది.

మొదటిది లిఫ్ట్. హైదరాబాద్‌లోని రాయదుర్గం వైపు వంద మీటర్ల ఎత్తున్న టవర్‌లో పైనుంచి కిందికి దిగితే పీడనం సుమారు 1.1 కిలోపాస్కల్ పెరుగుతుంది. సెకనుకు 2.5 మీటర్ల వేగంతో దిగే లిఫ్ట్‌లో మార్పు సెకనుకు 27 పాస్కల్. చెవులు దిబ్బడేస్తాయి, జేబులోని ఫోన్ మైకుకు మాత్రం పొర రెండు వైపులా తేడా పాస్కల్‌లో పదో వంతు ప్రాంతంలోనే ఉంటుంది. వెంట్ రంధ్రం పని అంతా చేసేస్తుంది.

రెండోది ఆసుపత్రి చాంబర్. హైదరాబాద్ పీడనం నుంచి 2.4 అట్మాస్ఫియర్లకు చేరాలంటే 148 కిలోపాస్కల్ పెంచాలి. పది నిమిషాల్లో పెంచితే సెకనుకు సుమారు 250 పాస్కల్. వెంట్ రంధ్రం తెరిచి ఉన్న కొలత మైకులో పొర మీద పడే తేడా 25 పాస్కల్. 122 డెసిబెల్ శబ్దానికి సమానం. మంచి మైకు దాన్ని సునాయాసంగా భరిస్తుంది. ఆ రంధ్రం దుమ్ముతోనో తేమతోనో మూసుకుపోతే మొత్తం 148 కిలోపాస్కల్ పొర మీదే పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు ఒకటిన్నర కిలోల బరువు. పొర పలకకు అతుక్కుని మైకు మూగబోతుంది, లేదా చిరుగుతుంది.

మూడోది ఐటీ కారిడార్‌లో రోజూ కనిపించేది: మొబైల్ రిపేర్ కౌంటర్. ఫోన్ కింది అంచున సూదిమొనంత రంధ్రం. దాని వెనక మెమ్స్ మైకు. అవతలివారికి మాట వినబడట్లేదని వచ్చిన ఫోన్‌కు ముందుగా దుమ్ము దులపడం, చేతికందిన బ్లోయర్‌తో ఆ రంధ్రంలోకి గాలి కొట్టడం సహజంగా జరిగే పనులు. కంప్రెసర్ గొట్టంలో గాలి 6 నుంచి 8 బార్ల పీడనంతో ఉంటుంది. దగ్గరగా పెట్టి కొడితే రెండు వైపులా సమం కావడానికి మిల్లీసెకన్ల వ్యవధి కూడా దక్కదు, పొర పగులుతుంది. మెమ్స్ మైకుల తయారీదారులు తమ సూచనల్లో ఈ సంగతి ఖండితంగా రాస్తారు: రంధ్రంలోకి కంప్రెసర్ గాలి కొట్టరాదు, దాని మీద వాక్యూమ్ పెట్టి లాగరాదు. మెత్తని పొడి బ్రష్‌తో పక్కనుంచి తుడవడమే క్షేమం. రంగారెడ్డి జిల్లా కొంగర కలాన్‌లో ఇయర్‌బడ్స్ తయారయ్యే ఈ కాలంలో, ఫ్యాక్టరీ లైనుకూ రిపేర్ టేబుల్‌కూ ఈ నియమం ఒక్కటే.

పీడనం తగ్గించేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. గాలి వ్యాకోచించి చల్లబడి, చాంబర్‌లో పొగమంచు కమ్ముకుంటుంది. కొన్ని కొలత మైకుల్లో పొరకూ పలకకూ మధ్య 200 వోల్టులు ఉంటాయి. ఆ సందులో తేమ చేరితే చిటపట శబ్దాలు మొదలవుతాయి. అందువల్ల పీడనం తగ్గించే దశలో తీసుకున్న కొలతలను జాగ్రత్తగా చూడాలి.

ఏ మైకు ఎక్కడ

పొరకు తీగచుట్ట అంటించి, అయస్కాంతంలో ఆడించే డైనమిక్ మైకుకు బయటి నుంచి విద్యుత్తు అక్కర్లేదు. కదిలే భాగం బరువైనది కాబట్టి అదనంగా చేరిన గాలి బరువు దాన్ని అంతగా బాధించదు. సున్నితత్వం తక్కువైనా మాటలకు సరిపోతుంది. చాంబర్లలో దీనికే మొదటి స్థానం. కండెన్సర్ మైకు కొలతలకు శ్రేష్ఠం. దాని మార్పులను లెక్కగట్టవచ్చు, తేమ నుంచి కాపాడుకోవాలి. ఎలక్ట్రెట్, మెమ్స్ మైకులు చవక, చిన్నవి. ఓ మోస్తరు పీడనాల్లో మాటలకు పనికొస్తాయి, కొలతకు వాడాలంటే ఆ పీడనంలోనే సరిచూసుకోవాలి. పీజో మైకులో గట్టి స్ఫటికమో సిరామిక్కో ఉంటుంది. దాని గట్టితనం ముందు గాలి స్ప్రింగు ఎంత పెరిగినా లెక్కలోకి రాదు. సన్నని ధ్వనులు వినలేదు గానీ, విపరీతమైన పీడనాల్లో నిలబడేది అదే.

నీటిలో వినే హైడ్రోఫోన్ ఈ దారిలో ఇంకో అడుగు ముందుంది. గాలి గదినే తీసేసి ఘన సిరామిక్‌ను నూనెలోనో రబ్బరు పూతలోనో ఉంచుతారు. విశాఖలోని నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల రూపొందించగా, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ప్రధాన కార్యాలయమున్న భారత్ డైనమిక్స్ తయారుచేస్తున్న వరుణాస్త్ర టార్పెడో లక్ష్యాన్ని కనిపెట్టేది నీటిలోని ధ్వనితోనే.

ఆసుపత్రి చాంబర్‌లో మాట

హైదరాబాద్ వాసులు నిజంగా అధిక పీడన గాలిలో కూర్చునే చోటు హైపర్‌బారిక్ ఆక్సిజన్ చాంబర్. మానని మధుమేహపు పుండ్లు, కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం, డైవర్లకు వచ్చే డీకంప్రెషన్ జబ్బు వంటి వాటికి 2 నుంచి 3 అట్మాస్ఫియర్ల మధ్య చికిత్స చేస్తారు. ఒక్కరే పడుకునే పారదర్శక గొట్టంలో సాధారణంగా అంతా ఆక్సిజనే; పదిమంది కూర్చునే పెద్ద చాంబర్‌లో గాలి నింపి, మాస్కు ద్వారా ఆక్సిజన్ ఇస్తారు.

లోపలి మనిషి మాట బయటి ఆపరేటర్‌కు వినబడడం ఇక్కడ ప్రాణావసరం. చెవి నొప్పి అంటే వెంటనే పీడనం పెంచడం ఆపాలి. అయితే ఆ మాటకు ఎదురయ్యే అడ్డంకుల్లో మైకు వల్ల వచ్చేవి కొన్నే. గాలి నింపే దశలో హోరు ఎక్కువ. ఉక్కు గోడల చిన్న గదిలో ప్రతిధ్వని ఎక్కువ. మాస్కు నోటిని కప్పేస్తుంది. సాంద్రమైన గాలిలో గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారుతుంది. ఇంకా ఎక్కువ పీడనంలో మనిషి ఈల కూడా వేయలేడు. సంపీడన గాలిలో వంతెన పునాదులు తవ్విన కైసన్ కార్మికులకు ఇది అనుభవైకవేద్యం. నోటికి దగ్గరగా పెట్టే మైకు, మాస్కు లోపలే అమర్చిన మైకు వీటిలో చాలావాటికి పరిష్కారం.

అన్నిటికంటే పెద్ద నియమం నిప్పుకు సంబంధించింది. ఆక్సిజన్ నిండిన చోట చిన్న రవ్వ చాలు. 1997లో ఇటలీలోని మిలాన్‌లో ఒక ఆసుపత్రి చాంబర్‌లో చెలరేగిన మంటల్లో 11 మంది చనిపోయారు. అందుకే ఫోన్లు, బ్యాటరీ పరికరాలు లోపలికి రానివ్వరు. ఆంప్లిఫయర్ బయటే ఉండాలి. లోపల మైకు, దాని సన్నని తీగ మాత్రమే. బయటి విద్యుత్తు అక్కర్లేని డైనమిక్ మైకు ఇక్కడ ఎందుకు రాణిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

హీలియం లోతుల్లో

ఆసుపత్రి చాంబర్ దాటి లోతుకు వెళ్తే మామూలు గాలి పనికిరాదు, నైట్రోజన్ మత్తెక్కిస్తుంది. దాని బదులు హీలియం కలుపుతారు. తెలుగు నేల మీద దీనికి సమీప ఉదాహరణ ఐఎన్‌ఎస్ నిస్తార్. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిర్మించిన ఈ డైవింగ్ సహాయక నౌక 2025 జులై 18న అక్కడే నౌకాదళంలో చేరింది. 118 మీటర్ల పొడవు, సుమారు 10 వేల టన్నుల బరువు, 300 మీటర్ల లోతు దాకా శాచురేషన్ డైవింగ్ సామర్థ్యం దీనివి. శాచురేషన్ డైవింగ్‌లో డైవర్లు రోజుల తరబడి నౌక మీది పీడన గదుల్లోనే తిని, పడుకుని, అక్కడి నుంచే నీటిలోకి దిగుతారు.

300 మీటర్లకు సరిపడే 31 అట్మాస్ఫియర్ల హీలియం మిశ్రమం మన గాలికంటే నాలుగైదు రెట్లు సాంద్రం. అందులో ధ్వని వేగం సెకనుకు 970 మీటర్ల దాకా ఉంటుంది, మామూలు గాలికి దాదాపు 2.8 రెట్లు. గొంతు గూటిలోని అనునాదాలన్నీ అదే నిష్పత్తిలో పైకి జరిగి, మాట కిచకిచలాడుతుంది. 1965లో సముద్రం అడుగున మనుషులు నివసించిన అమెరికా సీల్యాబ్-2 ప్రయోగం ముగించుకుని పీడన గదిలో ఉన్న డైవర్ స్కాట్ కార్పెంటర్ అధ్యక్షుడు జాన్సన్‌తో ఫోన్‌లో మాట్లాడినప్పుడు, ఆ గొంతుతో సంభాషణ సాగడమే గగనమైంది. మాటను మళ్లీ కిందికి దించే ఎలక్ట్రానిక్ సవరణ యంత్రాలు ఈ రంగంలో తప్పనిసరి అయ్యాయి.

మైకు మీద దీని ప్రభావం రెండు విధాలు. టెలిఫోన్‌కు 3.4 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకునే మైకు చాలు. హీలియం మాటకు 10 కిలోహెర్ట్జ్ దాకా కావాలి. అలాగే ముందూ వెనకా పీడనాల తేడాతో హోరును తగ్గించే మైకులకు తరంగదైర్ఘ్యం 2.8 రెట్లు పెరగడం వల్ల దూరపు ధ్వనుల విషయంలో దాదాపు 9 డెసిబెల్ సున్నితత్వం పోతుంది. పైగా హీలియం అణువులు చిన్నవి కావడంతో మూసిన భాగాల్లోకి కూడా చొరబడతాయి. 2018లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రి ఎమ్మారై యంత్రం నుంచి హీలియం లీకైనప్పుడు అక్కడి ఐఫోన్లు పనిచేయడం మానేశాయి. వాటి లోపలి సిలికాన్ గడియార భాగాలలోకి ఆ వాయువు చేరడమే కారణం.

తేలేది ఏమిటి

మూడు అట్మాస్ఫియర్ల లోపు గాలిలో, పీడనం నెమ్మదిగా మారుతున్నంత కాలం, వెంట్ రంధ్రం సరిగా ఉన్న ఏ మంచి మైకైనా మాట వినిపిస్తుంది. సవరించాల్సింది కొద్ది డెసిబెల్‌లే. పది అట్మాస్ఫియర్లు దాటాక ప్రత్యేకంగా చేసిన మైకు కావాలి, దాన్ని ఆ పీడనంలోనే, ఆ వాయువులోనే సరిచూడాలి. ఆక్సిజన్ ఉన్నచోట ధ్వని నాణ్యత కంటే నిప్పు భద్రతకే పెద్దపీట. చాంబర్‌లోనైనా, రిపేర్ టేబుల్ మీదైనా మైకు మూగబోతే మొదట చూడాల్సింది ఆ సూదిమొనంత రంధ్రాన్నే.